పాత క్రిస్మస్ కార్డులతో పండుగ హస్తకళలు

పండుగ ముగిశాక ఇంట్లో మిగిలిపోయిన క్రిస్మస్ శుభాకాంక్షల కార్డులను కత్తిరించి, మడిచి, అతికించి, మరుసటి పండుగకు పనికివచ్చే చెట్టు అలంకరణలుగా, కానుక పెట్టెలుగా, పేరు చీటీలుగా, తోరణాలుగా, కొత్త కార్డులుగా మలచుకునే గృహ హస్తకళ ఇది. కాగితపు కళలలో ఇది చిన్న ఉపశాఖే అయినా, క్రిస్మస్ కార్డుకున్న వయస్సే దీనికీ దాదాపుగా ఉంది. పాత కాగితాన్ని నీటిలో నానబెట్టి గుజ్జు చేసి మళ్లీ కాగితంగా తయారుచేసే రీసైక్లింగ్ వేరు, ఈ పునర్వినియోగం వేరు. రీసైక్లింగ్‌లో కార్డు మీది చిత్రం నశించి నార మాత్రమే మిగులుతుంది. ఈ కళలో చిత్రమే ప్రధానమైన ముడిసరుకు, అట్ట దానికి ఆధారం. ఈ భేదం వల్లనే రీసైక్లింగ్‌కు పనికిరావని పక్కన పెట్టే మెరుపు కార్డులు, రేకు అద్దిన కార్డులు హస్తకళకు అన్నిటికంటే అనువైనవిగా నిలుస్తున్నాయి.

చరిత్ర

కార్డు పుట్టుక

వ్యాపార ప్రాతిపదికన అచ్చయిన తొలి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వెలువడింది. బ్రిటన్ తపాలా సంస్కరణలలో పాలుపంచుకుని, తరువాతి కాలంలో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంకు, అంటే నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకు, తొలి డైరెక్టరుగా పనిచేసిన హెన్రీ కోల్ దాన్ని చేయించగా, చిత్రకారుడు జాన్ కాల్కాట్ హార్స్‌లీ బొమ్మ గీశాడు. రాతి అచ్చుతో ముద్రించి చేతితో రంగులద్దిన ఆ కార్డులో నడుమ ఒక కుటుంబం విందులో ఉండగా, రెండు పక్కల పేదలకు అన్నవస్త్రాలు ఇచ్చే దృశ్యాలు ఉంటాయి. ఇది మడత లేని ఒంటి అట్ట. దాదాపు 1,000 ప్రతులు అచ్చయ్యాయి. ఒక్కొక్కటి ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. 1840లో మొదలైన పెన్నీ తపాలా ప్రకారం ఉత్తరం పంపడానికి ఒక పెన్నీ చాలిన రోజుల్లో కార్డు ధర తపాలా ఖర్చుకు పన్నెండు రెట్లు కావడంతో, అది సామాన్యులకు అందే వస్తువు కాలేదు.

ధర తగ్గడానికి రెండు కారణాలు తోడయ్యాయి. ఒక్కో రంగుకు ఒక్కో రాయిని వాడి పలురంగుల చిత్రాన్ని యంత్రంపై అచ్చువేసే క్రోమోలిథోగ్రఫీ మొదటిది. 1870లో బ్రిటన్ తపాలా శాఖ పోస్టుకార్డులకూ, అంటించని కవరులో పంపే అచ్చు కాగితాలకూ అర్ధపెన్నీ రేటు ప్రవేశపెట్టడం రెండవది. లండన్‌లో రాఫేల్ టక్, బెల్‌ఫాస్ట్‌లో మార్కస్ వార్డ్, అమెరికాలోని బోస్టన్‌లో లూయీ ప్రాంగ్ సంస్థలు ఈ కాలంలో పెద్ద ఎత్తున కార్డులు ముద్రించాయి. పట్టు కుచ్చుల అంచులు, అచ్చుతో గుద్దిన లేసు కాగితం, తెరిస్తే లేచి నిలబడే బొమ్మలు చేరడంతో కార్డు చదివి పారవేసే ఉత్తరంగా కాక దాచుకునే బొమ్మగా మారింది.

విక్టోరియా కాలపు ఆల్బములు, తెరలు

కార్డులను తిరిగి వాడే అలవాటు ఈ దాచుకోవడంలోనే మొదలైంది. విక్టోరియా రాణి కాలపు ఆంగ్ల గృహాలలో స్త్రీలు, పిల్లలు వచ్చిన కార్డులను పెద్ద ఖాళీ పుస్తకాలలో అతికించి స్క్రాప్ ఆల్బములు తయారుచేసేవారు. ఎక్కువగా జర్మనీలో అచ్చయి, ఉబ్బెత్తుగా గుద్ది, బొమ్మ అంచుల వెంటే కోసి అమ్మే స్క్రాప్‌లు అనే చిన్న రంగు బొమ్మలు కార్డు ముక్కలతో కలిసి ఆ పేజీలను నింపేవి. ఇదే పద్ధతిని పెద్దది చేసి, చెక్క చట్రానికి బిగించిన గుడ్డపై వందలాది బొమ్మలను అంచు మీద అంచు వచ్చేలా అతికించి, పైన వార్నిషు పూసి, గదిలో అడ్డుతెరగా నిలబెట్టేవారు. కత్తిరించిన చిత్రాలతో ఉపరితలాన్ని కప్పి వార్నిషుతో మూసే ఈ పనికి డెకూపాజ్ అని పేరు. ఆసుపత్రులలోని పిల్లల కోసం పాత కార్డులతో బొమ్మల పుస్తకాలు చేసి పంపడం ఆనాటి బాలికలకు అలవాటైన దానకార్యం.

బ్రిటన్, అమెరికా చర్చి సంఘాలు వాడిన బొమ్మల కార్డులను సేకరించి విదేశీ మిషన్ పాఠశాలలకు పంపడం కూడా 19వ శతాబ్ది చివర నుంచి చాలాకాలం సాగింది. భారతదేశంలోని ఆదివారపు బడులలో అటువంటి కార్డుల వెనుక బైబిలు వాక్యం రాసి, క్రమంగా హాజరైన పిల్లలకు బహుమతిగా ఇచ్చేవారు. ఒక దేశంలో పండుగ కానుకగా ప్రయాణం మొదలుపెట్టిన అట్టముక్క, మరో దేశంలో అక్షరం నేర్చుకునే పిల్లల చేతికి వేరే విలువతో చేరడం ఈ కళ చరిత్రలో ప్రత్యేకంగా గమనించదగిన ఘట్టం.

ఇరవయ్యో శతాబ్దం

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో కాగితంపై నియంత్రణ విధించడంతో కార్డులు చిన్నవై, పలుచని కాగితంపై అచ్చయ్యాయి. అలంకరణలను ఇంట్లో దొరికిన పాత కాగితంతోనే చేసుకోవలసి వచ్చింది. యుద్ధానంతరం మడత కార్డు సర్వసాధారణమై ముఖచిత్రం ఒక సగంలో, రాత మరో సగంలో ఉండడం వల్ల, మడత వద్ద కోస్తే బొమ్మ ఉన్న సగం చెక్కుచెదరకుండా చేతికి వచ్చే సౌకర్యం కలిగింది. నేటి చేతిపనులలో అధికభాగం ఈ రెండు సగాల నిర్మాణాన్ని ఆధారం చేసుకున్నవే. సేవాసంస్థల కార్డులు ఈ కాలంలోనే వ్యాపించాయి. 1949లో చెకొస్లొవేకియాకు చెందిన యిట్కా సామ్కోవా అనే ఏడేళ్ల బాలిక కృతజ్ఞతగా వేసి పంపిన బొమ్మ యూనిసెఫ్ తొలి కార్డుకు ఆధారమైంది.

ముడిసరుకుగా కార్డు

ఏ కార్డుతో ఏ వస్తువు చేయవచ్చో నిర్ణయించేది దాని మందం, నార దిశ, పైపూత. ఈ మూడింటిని పరిశీలించకుండా మొదలుపెట్టిన పని మడతల దగ్గర పగిలి, అంటుల దగ్గర విడిపోతుంది.

కాగితపు మందాన్ని పరోక్షంగా బరువుతో, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్కతో చెబుతారు. దీన్ని వ్యవహారంలో జి.ఎస్.ఎం. అంటారు. రాసుకునే కాగితం 70 నుంచి 80 జి.ఎస్.ఎం. ఉంటే, కార్డులు సాధారణంగా 200 నుంచి 300 వరకు ఉంటాయి. ఆకారం నిలబెట్టుకోవలసిన పెట్టెలకు, బంతులకు ఈ బరువు సరిగ్గా సరిపోతుంది. అల్లికలకు మాత్రం ఎక్కువవుతుంది.

కాగితం యంత్రంపై తయారయ్యేటప్పుడు నారపోగులు ఎక్కువగా యంత్రం కదిలే వైపునకే వరుస తీరుతాయి. ఈ దిశ వెంబడి మడిచితే మడత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిచితే పోగులు విరిగి, పైపూత చిట్లి తెల్లని గీత కనబడుతుంది. ముక్కను రెండు చేతులతో పట్టుకొని ముందు నిలువుగా, తరువాత అడ్డంగా కొద్దిగా వంచి చూస్తే, ఏ వైపు తక్కువ బలంతో వంగితే మడతగీత ఆ వంపుకు సమాంతరంగా ఉండడం మంచిదని తెలుస్తుంది. అడ్డంగా మడవక తప్పని చోట ముందుగా గాడి గీస్తారు. గాడి అంటే కాగితాన్ని కోయకుండా, మొద్దుమొన గల సాధనంతో స్కేలు వెంబడి అదిమి గీసిన పల్లపు గీత. సిరా అయిపోయిన బాల్‌పెన్ను ఇందుకు చక్కగా సరిపోతుంది.

పైపూత విషయంలో కార్డులు పలు రకాలు. బొమ్మ వైపు చైనా మట్టి వంటి ఖనిజాల పూతతో నిగనిగలాడేవి, ప్లాస్టిక్ పొర అంటించినవి, లోహపు రేకు అద్దినవి, మెరుపు పొడి చల్లినవి, మఖమలు లాంటి నూగు అంటించినవి తరచుగా కనిపిస్తాయి. పూత ఉన్న వైపు నీటి జిగురును పీల్చదు కనుక అతుకు ఆలస్యంగా పడుతుంది, తొందరగా ఊడుతుంది. లోపలి వైపు చాలా కార్డులలో పూత ఉండదు. అందువల్ల పూత లేని వైపులు ఒకదానికొకటి అంటుకునేలా నిర్మాణాన్ని రూపొందించడమే ఈ కళలో నేర్పు. కింద వివరించిన కాగితపు బంతి అందుకు ఉత్తమ ఉదాహరణ.

పరికరాలు, జిగురులు

కత్తెర, స్కేలు, పెన్సిలు, వృత్తలేఖిని, కాగితానికి రంధ్రం చేసే పంచింగ్ మిషన్, దారం లేదా రిబ్బన్ ఉంటే దాదాపు అన్ని రూపాలూ చేయవచ్చు. పళ్ల అంచు కత్తెర ఉంటే చీటీల అంచులు అందంగా వస్తాయి. జిగురులలో పాలీవినైల్ ఎసిటేట్ అనే తెల్లజిగురు అట్టకు బలంగా పడుతుంది. అయితే ఇందులో నీరు ఉండడం వల్ల పలుచని ముక్కలు ముడుచుకుపోతాయి కాబట్టి పలుచగా పూసి, ఆరేవరకు బరువు కింద లేదా క్లిప్పులతో ఉంచాలి. పిల్లలకు గ్లూ స్టిక్ సులువు. మైదా ఉడికించిన జిగురు ఆల్బములకు, గోడతోరణాలకు పనికివస్తుంది గాని, పురుగులను ఆకర్షిస్తుంది కాబట్టి ఏడాదిపాటు దాచవలసిన వస్తువులకు తగదు. నిగనిగలాడే వైపు అతికించక తప్పనప్పుడు ఆ చోటును గరుకు కాగితంతో కొద్దిగా రుద్దడమో, రెండు వైపులా అంటుకునే టేపు వాడడమో చేస్తారు.

ప్రధాన రూపాలు

చీటీలు, కొత్త కార్డులు

అన్నిటికంటే సులభమైనది కానుక చీటీ. బొమ్మలో ఒక పక్షిని, గంటను, నక్షత్రాన్ని లేదా దీపాన్ని ఎంచుకొని చుట్టూ కొంత చోటు వదిలి కత్తిరించి, పై భాగంలో రంధ్రం చేసి దారం కడితే చీటీ సిద్ధమవుతుంది. వెనుక ఖాళీ వైపు పేరు రాయవచ్చు. ముఖచిత్రపు వెనుకవైపు రాత ఏమీ లేని కార్డును మడత వద్ద కోసి, వెనుక నడుమ ఒక గీత గీస్తే పోస్టుకార్డు అవుతుంది. ముఖచిత్రాన్ని కొత్త మడత కాగితం మీద అతికిస్తే మళ్లీ కార్డే అవుతుంది. వీటి గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు. పని సులువు, ఫలితం నిశ్చయం.

కానుక పెట్టె

ఒక మడత కార్డు ఒక మూతపెట్టె అవుతుంది. మడత వద్ద కోసిన తరువాత బొమ్మ సగం మూతకు, రాత సగం అడుగుకు వాడతారు. ఉదాహరణకు ఒక్కో సగం 12.5 సెంటీమీటర్ల వెడల్పు, 17.5 సెంటీమీటర్ల పొడవు ఉంటే, నాలుగు అంచుల నుంచి లోపలికి 2.5 సెంటీమీటర్ల దూరంలో గాళ్లు గీసి, పొట్టి వైపు ఉన్న రెండు అంచుల దగ్గర మూలల వరకు వచ్చే గాళ్లను 2.5 సెంటీమీటర్ల మేర కోసి, మూలల చదరాలను లోపలికి మడిచి అతికిస్తే, 7.5 సెంటీమీటర్ల వెడల్పు, 12.5 సెంటీమీటర్ల పొడవు, 2.5 సెంటీమీటర్ల ఎత్తు గల మూత వస్తుంది. అడుగు ముక్కను ముందుగా ఒక పొడవు వైపు, ఒక వెడల్పు వైపు 3 మిల్లీమీటర్ల చొప్పున తగ్గించి అదే విధంగా మడిస్తే, అది 7.2, 12.2 సెంటీమీటర్ల కొలతతో మూత లోపల బిగువుగా ఇమిడిపోతుంది. పంపినవారి చేతిరాత పెట్టె లోపలివైపు కనబడేలా మడవడం కొందరు ఇష్టపడే పద్ధతి. మిఠాయిలు ఉంచేటప్పుడు లోపల నూనె పీల్చని కాగితం పరచడం అవసరం. అచ్చు సిరాలు, మెరుపు పొడి ఆహారానికి తగలకూడదు.

కాగితపు బంతి

ఈ కళలో అత్యంత ప్రసిద్ధమైన రూపం 20 వృత్తాలతో కట్టే బంతి. చూడడానికి క్లిష్టంగా కనిపించినా దీని వెనుక ఉన్నది పాఠశాల స్థాయి జ్యామితి మాత్రమే. సమాన సమబాహు త్రిభుజాలు 20 కలిసి ఏర్పడే ఘనరూపాన్ని గణితంలో ఐకోసాహెడ్రన్ అంటారు. దానికి 20 ముఖాలు, 30 అంచులు, 12 శీర్షాలు. ప్రతి శీర్షం దగ్గర అయిదు త్రిభుజాలు కలుస్తాయి. కార్డు బంతిలో ప్రతి త్రిభుజం ఒక వృత్తం నడుమ ఉంటుంది. వృత్తంలో మిగిలిన మూడు వంపు భాగాలు అతుకు రెక్కలుగా పనిచేస్తాయి.

వృత్తాలన్నీ ఒకే కొలతలో ఉండాలి. 5 సెంటీమీటర్ల వ్యాసం అనుకూలమైనది. ఒక వృత్తంలో వృత్తలేఖిని సహాయంతో వ్యాసార్ధాన్ని పరిధి వెంట ఆరుసార్లు గుర్తించి, ఒకటి విడిచి ఒకటిగా మూడు బిందువులను కలిపితే సమబాహు త్రిభుజం వస్తుంది. దాన్ని కోసి మిగిలిన 19 వృత్తాలకు కొలఅట్టగా వాడతారు. త్రిభుజపు భుజం వృత్తవ్యాసంలో సుమారు 0.866 వంతు కాబట్టి 5 సెంటీమీటర్ల వృత్తానికి భుజం 4.3 సెంటీమీటర్లు, రెక్క ఎత్తు వ్యాసంలో నాలుగోవంతు, అంటే 1.25 సెంటీమీటర్లు అవుతుంది. పూర్తయిన బంతి ఎదురెదురు శీర్షాల నడుమ, రెక్కలను లెక్కించకుండా, దాదాపు 8.2 సెంటీమీటర్లు ఉంటుంది. బొమ్మలో ముఖ్యభాగం, ఒక దేవదూత ముఖమో ఒక మంచు ఇల్లో, త్రిభుజం మధ్యలోకి వచ్చేలా కొలఅట్టను జరిపి చూసుకొని గీయడమే ఇందులోని కళాదృష్టి. ఒక్క ముఖచిత్రంపై ఇటువంటి ఆరు వృత్తాలు పట్టినా, మంచి భాగాలను ఏరుకునేవారికి రెండు మూడు మించి దొరకవు.

గాళ్లు గీసిన తరువాత రెక్కలను బొమ్మ వైపునకు, అంటే బంతి బయటికి, లేపుతారు. పక్కపక్క త్రిభుజాల రెక్కలు వీపు వీపు తాకుతాయి కాబట్టి జిగురు పడేది కార్డు లోపలి, పూత లేని వైపు మీద. అందువల్ల అతుకు గట్టిగా నిలుస్తుంది. అయిదు వృత్తాలను ఒక శీర్షం చుట్టూ అతికిస్తే పై టోపీ, మరో అయిదుతో కింది టోపీ తయారవుతాయి. మిగిలిన పదింటిని ఒకటి తలకిందులుగా, ఒకటి నిటారుగా వరుసగా అతికించి, చివరలు కలిపి నడికట్టుగా చేస్తారు. నడికట్టు పై అంచులో అయిదు, కింది అంచులో అయిదు రెక్కలు మిగులుతాయి. టోపీల అయిదేసి రెక్కలు వాటికి సరిగ్గా జతపడతాయి. రెండు టోపీల లోపలి అతుకులు 10, నడికట్టులోనివి 10, టోపీలకు నడికట్టుకు మధ్యవి 10 కలిపి మొత్తం 30 అతుకులు, ఐకోసాహెడ్రన్‌కు ఉన్న 30 అంచులతో సమానం. వేలాడదీసే దారానికి ముడివేసి పై శీర్షం గుండా బయటికి లాగడం పై టోపీ అతికించకముందే జరగాలి. తరువాత లోపలికి చేయి పెట్టే వీలుండదు.

చిన్న పిల్లలకు ఎనిమిది వృత్తాలతో, నాలుగేసి వృత్తాల రెండు టోపీలను నేరుగా కలిపి చేసే ఆక్టాహెడ్రన్ సులభం. దానికి 12 అతుకులు చాలు. కొలతలు, కోణాలు, ఘనరూపాలు బోధించే ఉపాధ్యాయులకు ఇది చేతికందే పాఠ్యోపకరణం. పండుగ అలంకరణకు, జ్యామితికి ఇటువంటి అనుబంధం పాతదే: జర్మనీలోని మొరావియన్ క్రైస్తవుల బడిలో 19వ శతాబ్ది తొలి దశకాలలో గణిత బోధనలో భాగంగా చేసిన కాగితపు నక్షత్రం నుంచే హెర్న్‌హూట్ నక్షత్రం ప్రచారంలోకి వచ్చింది.

వృత్తాలకు బదులు కార్డును సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీలుగా కోసి, రెండు చివర్ల రంధ్రాలు చేసి, అన్నిటినీ కలిపి పిన్నుతో బిగించి విప్పార్చితే మరో రకం గోళం వస్తుంది. ఇది పది నిమిషాలలో అయ్యే పని. బలం మాత్రం తక్కువ.

తోరణాలు, అల్లికలు

త్రిభుజాలుగా లేదా గుండ్రంగా కోసిన ముక్కలను దారానికి కుట్టిగాని, రంధ్రాలలో ఎక్కించిగాని తోరణం కడతారు. కుట్టుమిషన్‌పై వరుసగా కుట్టడం వేగవంతమైనదే గాని, అట్ట వల్ల సూది మొద్దుబారుతుంది కాబట్టి పాత సూది వాడతారు. పట్టీలను గొలుసుకట్టుగా అతికించడం పిల్లలందరికీ తెలిసినదే. డెన్మార్క్‌లో రెండు రంగుల కాగితాలను అల్లి చేసే క్రిస్మస్ హృదయం సంప్రదాయ అలంకరణ. దొరికినవాటిలో అతి పాతది రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లో చేసినది. కార్డు అట్టతో ఈ అల్లిక బిగుసుకుపోతుంది కనుక పలుచని కార్డులను, తక్కువ చీలికలను ఎంచుకోవాలి.

పొరల బొమ్మలు

ఒకే బొమ్మ కార్డులు మూడు నాలుగు ఉన్నప్పుడు, మొదటిదాన్ని పూర్తిగా ఉంచి, రెండవదానిలో మధ్య దూరపు వస్తువులను, మూడవదానిలో దగ్గరి వస్తువులను మాత్రమే కోసి, రెండు మూడు మిల్లీమీటర్ల మందం గల స్పాంజి ముక్కలపై ఒకదానిపై ఒకటి అతికిస్తే చిత్రానికి లోతు వస్తుంది. పెట్టెకట్టుగా కొని పంచగా మిగిలిపోయిన కార్డులు ఇందుకు ఎక్కువగా ఉపయోగపడతాయి.

పిల్లల పనులు

బొమ్మ చుట్టూ రంధ్రాలు చేసి బూటులేసు గుచ్చించే కుట్టు కార్డు మూడు నాలుగేళ్ల పిల్లల వేళ్లకు మంచి సాధన. ముఖచిత్రాన్ని ఆరు నుంచి పన్నెండు ముక్కలుగా కోస్తే జిగ్‌సా పజిల్ అవుతుంది. డిసెంబరు 1 నుంచి 24 వరకు రోజుకొకటి తెరిచే ఆగమనకాలపు క్యాలెండరుకు 24 చిన్న బొమ్మలు పాత కార్డుల నుంచి సులభంగా సమకూరుతాయి.

సంస్థాగత సేకరణలు, చట్టపరమైన ప్రశ్నలు

బ్రిటన్‌లో వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ పెద్ద దుకాణాలతో కలిసి జనవరి నెలలో పాత కార్డులను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే పథకాన్ని ఎన్నో ఏళ్లు నడిపింది. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో అనాదరణకు గురైన పిల్లలకు ఆశ్రయమిచ్చే సెయింట్ జూడ్స్ రాంచ్ పునర్వినియోగ పద్ధతిని ఎంచుకుంది: దాతలు పంపిన కార్డుల ముఖచిత్రాలను కొత్త అట్టకు అతికించి విక్రయించే కార్యక్రమం దానికి పేరు తెచ్చింది. కాపీరైటు కారణంగా కొన్ని పెద్ద కంపెనీల కార్డులను ఆ సంస్థ స్వీకరించలేదు.

ఇంట్లో వాడుకకు కాపీరైటు అడ్డురాదు. అమ్మకానికి దిగినప్పుడే ప్రశ్న తలెత్తుతుంది. చట్టబద్ధంగా కొన్న ప్రతిని తిరిగి అమ్ముకునే హక్కు కొన్నవారికి ఉన్నా, దాన్ని మార్చి అమ్మడం కొత్త కృతి అవుతుందా అన్న విషయంలో అమెరికా న్యాయస్థానాలు భిన్నమైన తీర్పులిచ్చాయి. పుస్తకం నుంచి కోసిన చిత్రాలను పలకలపై అతికించి అమ్మడం తప్పేనని 1988లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు నిర్ణయించగా, చిన్న రాతకార్డులను అదే విధంగా పింగాణీ పలకలపై అతికించడం కొత్త కృతి కాదని 1997లో ఏడవ సర్క్యూట్ కోర్టు తేల్చింది.

కార్డులను బయటివారికి ఇచ్చేటప్పుడు పేరు, చిరునామా, సొంత విషయాలు రాసిన సగాన్ని తీసివేయడం పాటించవలసిన మర్యాద.

పర్యావరణ కోణం

సాదా అట్టతో చేసిన కార్డు కాగితపు మిల్లులో సులభంగా గుజ్జవుతుంది. అయితే నార ప్రతిసారీ పొట్టిదవుతూ పోవడం వల్ల ఒకే నారను సాధారణంగా అయిదు నుంచి ఏడుసార్లు మించి తిరిగి వాడలేరు. ప్లాస్టిక్ పొర, లోహపు రేకు, బ్యాటరీతో పాటలు పాడే పరికరం ఉన్న కార్డులను మిల్లులు కోరవు. మెరుపు పొడి మరీ చిక్కైనది: ఎక్కువగా పాలిస్టర్ పొరపై అల్యూమినియం పూసి తరిగినది కాబట్టి ఆ రేణువులు జల్లెడలను దాటి గుజ్జులోకి, నీటిలోకి చేరతాయి. కావాలని కలిపే సూక్ష్మప్లాస్టిక్‌లపై యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరులో అమలులోకి తెచ్చిన నియంత్రణ విడిగా అమ్మే ప్లాస్టిక్ మెరుపు పొడికి కూడా వర్తించింది. కాబట్టి పాత కార్డులను వేరుచేసేటప్పుడు సాదావాటిని రీసైక్లింగ్‌కు, మెరుపు కార్డులను, రేకు కార్డులను చేతిపనికి కేటాయించడం హేతుబద్ధం. ఇంట్లో మిగిలే ముక్కల విషయంలోనూ ఈ విభజనే పాటించాలి. మెరుపు కార్డులను కోసేటప్పుడు కింద పాత వార్తాపత్రిక పరచి, రాలిన పొడిని నీటితో కడగకుండా మడిచి చెత్తలో వేయడం మంచిది. చేతిపని వ్యర్థాన్ని పూర్తిగా తొలగించదు, కొన్నేళ్లు వాయిదా వేస్తుంది. ఆ మేరకు కొత్త అలంకరణలు కొనే అవసరాన్ని తగ్గిస్తుంది.

తెలుగు ప్రాంతాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని క్రైస్తవ కుటుంబాలలో ఇంటి ముందు కాగితపు నక్షత్రాన్ని వేలాడదీయడం, యేసు జననాన్ని చూపే పశువుల పాకను అమర్చడం పండుగలో భాగాలు. పాక వెనుక గోడకు, గొర్రెల కాపరుల, జ్ఞానుల బొమ్మలకు పాత కార్డుల చిత్రాలను కోసి నిలబెట్టడం ఖర్చులేని పద్ధతి. సెల్‌ఫోన్ సందేశాలు రాకముందు డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్, నూతన సంవత్సరం, సంక్రాంతి కార్డులు ఒకే దుకాణంలో వేలాడేవి. 1979లో స్థాపితమైన క్రై సంస్థ శుభాకాంక్షల కార్డుల అమ్మకంతోనే బాలల కోసం నిధులు కూడగట్టింది. ఆ కాలపు కార్డులు చాలా ఇళ్లలో పెట్టెలలో ఇంకా ఉన్నాయి. ఇప్పుడు కార్డుల రాక తగ్గిన ఇళ్లలోకి పెళ్లి శుభలేఖలు మాత్రం దండిగా వస్తున్నాయి. వాటి మందపు అట్ట, బంగారు రేకు అచ్చు, తళుకుల పూత పైన చెప్పిన పెట్టెలకు, చీటీలకు, బంతులకు క్రిస్మస్ కార్డులంత బాగానూ పనికివస్తాయి. దేవతల బొమ్మలున్న శుభలేఖను కత్తిరించడానికి చాలామంది ఇష్టపడనట్లే, బాలయేసు చిత్రమున్న కార్డును ముక్కలు చేయడానికి వెనుకాడే విశ్వాసులు ఉన్నారు. వారు దాన్ని యథాతథంగా బైబిలులో పేజీగుర్తుగా వాడుకుంటారు.

కత్తిరించకూడని కార్డులు

ప్రతి పాత కార్డూ కత్తెరకు తగినది కాదు. 1843 నాటి తొలి కార్డు ప్రతులలో కొద్దివి మాత్రమే నేటికి మిగిలాయి. హెన్రీ కోల్ తన కుటుంబంలోని వారికి పంపిన ఒక ప్రతి 2001లో ఇంగ్లండ్‌లో జరిగిన వేలంలో 22,500 పౌండ్లు పలికింది. మాంచెస్టర్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలోని లారా సెడ్డన్ సేకరణలో విక్టోరియా రాణి, ఎడ్వర్డ్ రాజు కాలాల శుభాకాంక్షల కార్డులు సుమారు 32,000 ఉన్నాయి. మేరీ రాణి సేకరణ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ముద్రణ చరిత్రను, దుస్తులను, కుటుంబ జీవితాన్ని అధ్యయనం చేసేవారికి ఇవి ఆధారాలు.

సాధారణ గృహంలో ఇంత అరుదైన కార్డు దొరికే అవకాశం తక్కువే అయినా, 1920కి ముందువిగా కనిపించేవి, పట్టు కుచ్చులు లేదా లేసు కాగితం ఉన్నవి, చేతితో గీసినవి, యుద్ధరంగం నుంచి సైనికులు పంపినవి, తాతముత్తాతల చేతిరాత ఉన్నవి ముందుగా వేరుచేసి పెట్టాలి. వీటిని ఆల్బములో జిగురుతో అంటించకుండా, ఆమ్లరహిత కాగితపు కవరులో, చెదలు, తేమ చేరని చోట పడుకోబెట్టి ఉంచితే రంగు నిలుస్తుంది. చేతిరాత ఉన్న కార్డు బొమ్మను వాడుకోవాలనిపించినప్పుడు, ముందుగా రెండు వైపులా స్కాన్ తీసి, ఎవరు, ఎవరికి, ఏ సంవత్సరంలో పంపారో రాసిపెట్టుకుని, ఆ స్కాన్ నుంచి మందపాటి కాగితంపై రంగు నకలు తీయించి ఆ నకలునే కత్తిరించడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.